ఒంటరిగా మొదటి విదేశీ సైకిల్ టూర్: విజయవాడలో మొదలుపెట్టి శ్రీలంక చుట్టి రావడం ఎలా

"ఏ సైకిల్ కొనమంటారు?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఒంటరిగా విదేశంలో సైకిల్ తొక్కాలనుకునేవాళ్ళు అంతకంటే ముందు ఒక లెక్క వేసుకోవాలి. అక్కడ దిగాక ఎన్ని సంగతులు మీకు కొత్తగా ఉండబోతున్నాయి? బరువు కట్టిన సైకిల్ కొత్త, ఘాట్ ఎక్కడం కొత్త, చైన్ తెగితే కలుపుకోవడం కొత్త, తెలియని ఊళ్ళో ఒక్కరే పడుకోవడం కొత్త. పైగా భాష, డబ్బు, ట్రాఫిక్ కూడా కొత్త. అన్నీ ఒకేసారి మీదపడితే మూడో రోజుకే ఇంటికి టికెట్ వెతుక్కుంటారు. దేశం ఒక్కటి తప్ప మిగతావన్నీ ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల రోడ్ల మీదే అలవాటైపోవాలి. కింద చెప్పే ప్రతి అంచె దానికోసమే.

ముందు దేశం తేల్చుకోండి

యూరప్‌లో డాన్యూబ్ నది గట్టున తొక్కాలని చాలామందికి ఉంటుంది. అక్కడి చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు బ్యాంకు స్టేట్‌మెంట్లు, అపాయింట్‌మెంట్లు, బుకింగులు, ఆపైన రోజువారీ ఖర్చు. మొదటి టూర్‌కి ఆ భారం అక్కర్లేదు. నేపాల్‌కు మనకు వీసా గొడవే లేదు కానీ కాఠ్మండులో దిగితే కొండలు మొదటి రోజు నుంచే మొదలవుతాయి. వియత్నాంలో రోడ్డుకు కుడి పక్కన తొక్కాలి. నాలుగు రోజుల్లో అలవాటవుతుంది గానీ ఆ నాలుగు రోజులే ప్రమాదం. థాయ్‌లాండ్ మంచిదే, మనలాగే ఎడమ పక్క, రోడ్లు బాగుంటాయి.

నా ఓటు మాత్రం శ్రీలంకకే. విస్తీర్ణం సుమారు 65,600 చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు దాదాపు 435 కిలోమీటర్లు. విజయవాడ నుంచి చెన్నైకి రైలు దూరం కూడా ఇంచుమించు అంతే. ఎడమ పక్కనే నడుస్తారు. అన్నం, పప్పు, కొబ్బరి దొరకని ఊరుండదు. టూరిస్టులు తిరిగే దారుల్లో చీకటి పడేలోపు గెస్ట్‌హౌస్ దొరుకుతుంది కాబట్టి టెంటు మోయక్కర్లేదు. చదును రోడ్డు, అడవి రోడ్డు, 1,800 మీటర్లు దాటే ఘాట్, సముద్రతీరం, అన్నీ రెండు వారాల్లో రుచి చూడొచ్చు.

కాలం జాగ్రత్తగా చూసుకోవాలి. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనం పడమర, దక్షిణ తీరాలను తడిపేస్తుంది. ఏడాది చివర ఈశాన్య రుతుపవనం తూర్పు, ఉత్తరాలను పట్టుకుంటుంది. నవంబర్, డిసెంబర్‌లలో తుపాన్ల భయమూ, కొండల్లో చరియలు విరిగిపడే ప్రమాదమూ ఉంటాయి. పడమర, దక్షిణం, కొండలు కలిపి తిరగాలంటే జనవరి నుంచి మార్చి దాకా మేలు. మనకూ ఇది కలిసొస్తుంది. వానలు తగ్గాక అక్టోబర్‌లో ప్రాక్టీసు మొదలుపెడితే సంక్రాంతి అరిసెలు తిని బయల్దేరొచ్చు.

సైకిల్: కంపెనీ పేరుకంటే చిన్న గేరు ముఖ్యం

మీ దగ్గర ఇప్పటికే హైబ్రిడ్ సైకిలో, ముందు సస్పెన్షన్ లేని ఎంటీబీనో (కొండ దారుల సైకిలో) ఉంటే కొత్తది కొనొద్దు. వెనక క్యారియర్ బిగించడానికి ఫ్రేముకు మర ఉన్న రంధ్రాలున్నాయా, 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పడుతుందా, వెనక చక్రానికి 32 లేదా 36 చువ్వలు ఉన్నాయా, ఈ మూడూ చూడండి. కార్బన్ రోడ్ బైకుకు ఈ పని చెప్పకండి.

అసలు సంగతి గేర్లలో ఉంది. మన దగ్గర అమ్మే చాలా హైబ్రిడ్లలో ముందు చిన్న పళ్ళ చక్రానికి 28 పళ్ళు, వెనక పెద్దదానికి కూడా 28 పళ్ళే ఉంటాయి. ఆ గేరులో పెడల్ ఒక్క చుట్టు తిప్పితే సైకిల్ సుమారు 2.2 మీటర్లు కదులుతుంది. ఖాళీ సైకిల్‌కి అది చాలు. పన్నెండు కిలోల సామానుతో ఏడెనిమిది శాతం ఎత్తు ఎక్కుతుంటే మోకాళ్ళు మొరపెట్టుకుంటాయి. వెనక 34 పళ్ళున్న ఫ్రీవీల్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) వేయిస్తే అదే చుట్టుకు 1.8 మీటర్లే కదులుతుంది. వేగం తగ్గుతుంది, కాని దిగి తోసుకుంటూ నడిచే బాధ తప్పుతుంది. ఏడు గేర్ల సైకిళ్ళకు 14–34 ఫ్రీవీల్ దొరుకుతుంది, పెద్ద ఖర్చూ కాదు. చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే మీ వెనక డీరైలర్ 34 పళ్ళను మోయగలదో లేదో మాత్రం మెకానిక్‌ని ముందే అడగండి. చైన్ కూడా కొత్తది వేయించండి, లేకపోతే కొత్త పళ్ళ మీద పాత చైన్ జారుతుంది.

క్యారియర్ అల్యూమినియందైనా కనీసం 25 కిలోలు మోసేదై ఉండాలి. ఎక్కడైనా క్లాంపు సరిపోకపోతే ఆటోనగర్‌కి తీసుకెళ్ళండి. లారీ ఛాసిస్ సరిచేసే చేతులకు మీ క్లాంపు ఒక లెక్క కాదు, కొలతిస్తే చేసిపెడతారు. బోల్టులన్నిటికీ వదులుకాకుండా నైలాన్ నట్లు గానీ, మర మీద వేసే జిగురు గానీ వాడండి. రోజూ పొద్దున్నే ఆ నాలుగు బోల్టులూ చేత్తో తడిమి చూడటం అలవాటు చేసుకోండి.

చువ్వలు తెగేది ఎక్కువగా వెనక చక్రంలోనే, అదీ ఫ్రీవీల్ ఉన్న కుడి పక్కనే. ఆ చువ్వ మార్చాలంటే ఫ్రీవీల్ ఊడదీయాలి, దానికి ప్రత్యేకమైన పానా కావాలి. అందుకే బరువుతో రెండు మూడు వందల కిలోమీటర్లు తొక్కాక అనుభవమున్న మెకానిక్‌తో వెనక చక్రం బెండు తీయించి, చువ్వల బిగువు సమం చేయించండి. టూర్‌లో చువ్వలు తెగకుండా కాపాడేది ఈ ఒక్క పనే.

సామాను: 12 కిలోలు దాటనివ్వొద్దు

నీళ్ళు, సైకిల్ కాకుండా మొత్తం 12 కిలోలు. ఇంట్లో తూకం వేసే కొక్కెం ఉంటే దానికి తగిలించి చూడండి. తొక్కడానికి రెండు జతలు, సాయంత్రానికి ఒక జత, వానకోటు, ఒక స్వెటర్. లంక కొండల మీద ఉన్న నువర ఎలియలో జనవరి రాత్రి పది డిగ్రీల దగ్గరికి పడిపోతుంది, మన ఒంటికి అది గట్టి చలే. ఒక లుంగీ తప్పనిసరి. తుండు, దుప్పటి, కిటికీ కర్టెన్, గుడికి వెళ్ళేటప్పుడు మోకాళ్ళు కప్పే బట్ట, అన్నిటికీ అదే. క్యాండీలో బుద్ధుడి దంతధాతువు ఆలయానికి భుజాలు, మోకాళ్ళు కనిపించే బట్టలతో రానివ్వరు.

పనిముట్లలో పొదుపు చేయొద్దు. అలెన్ కీల సెట్టు, చైన్ కట్టర్, తెగిన చైన్ కలపడానికి దానికి సరిపోయే క్విక్ లింకులు రెండు, ట్యూబులు రెండు, ప్యాచీలు, టైరు లీవర్లు, చేతి పంపు, గేరు వైరు, బ్రేకు వైరు, బ్రేకు ప్యాడ్లు, మీ చక్రానికి సరిపడే చువ్వలు నాలుగు, నైలాన్ ట్యాగులు, ఇన్సులేషన్ టేపు. వీటన్నిటికంటే ముఖ్యమైనది డీరైలర్ హ్యాంగర్. వెనక గేరు వ్యవస్థను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క అది. సైకిల్ కుడి పక్కకి పడితే ముందు వంగేది అదే. మోడల్‌కో ఆకారం ఉంటుంది, ఇంకోదానిది పట్టదు. లంకలో పల్లెటూళ్ళో మీ సైకిల్ హ్యాంగర్ దొరకడం అసాధ్యం. ఇక్కడే ఆర్డర్ పెట్టి, బిగించి చూసి, సంచిలో వేసుకోండి. మీవి 700 సి అనే పెద్ద సైజు టైర్లయితే మడతపెట్టే టైరు ఒకటి కూడా ఉంచుకోండి, కొలంబో దాటితే అవి దొరకడం కష్టం.

బరువంతా వెనకే వేస్తే ఘాట్‌లో ముందు చక్రం తేలిపోతూ హ్యాండిల్ ఊగుతుంది. పనిముట్లు వెనక బ్యాగుల అడుగున, బట్టలు పైన, పాస్‌పోర్టు, డబ్బు, ఫోను హ్యాండిల్ బ్యాగులో. హ్యాండిల్ బ్యాగు ఒక్క లాగుతో ఊడి రావాలి. టీకొట్టు దగ్గర సైకిల్ వదిలి లోపలికి వెళ్ళినా అది మీ భుజం మీదే ఉండాలి. ఒంటరి ప్రయాణంలో సామాను చూస్తూ ఉండే మనిషి ఎవరూ ఉండరు.

మన రోడ్ల మీద రిహార్సల్

చాలామంది దాటేసేది ఈ అంచెనే. నన్నడిగితే టూర్ సగం ఇక్కడే అయిపోవాలి.

మొదట ఖాళీ సైకిల్‌తో ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి నుంచి కరకట్ట మీదుగా అమరావతి వైపు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు, ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తోటలు. 50 కిలోమీటర్లు తొక్కి వచ్చి మామూలుగా ఆఫీసుకి వెళ్ళగలిగేదాకా ఇదే. తర్వాత అదే దారిలో బరువుతో వెళ్ళండి. బ్యాగుల్లో బియ్యం సంచులు, నీళ్ళ సీసాలు పెట్టి 12 కిలోలు చేయండి. మొదటిసారి బ్రేకు వేసినప్పుడే తెలుస్తుంది, సైకిల్ ఆగే దూరం ఎంత పెరిగిందో. సందు మలుపులో తిప్పడం, గోడకు ఆనించడం, ఎత్తుగా ఉన్న మెట్టు ఎక్కించడం, ఇవి కూడా నేర్చుకోవాల్సినవే.

మూడోది సూర్యలంక. విజయవాడ నుంచి గుంటూరు, అక్కణ్ణుంచి చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల మీదుగా సముద్రం దాకా 90 కిలోమీటర్ల పైమాటే. గుంటూరు దాకా హైవే, భారీ లారీల పక్కన నిబ్బరంగా తొక్కడం అక్కడే వస్తుంది. రాత్రి అక్కడే గదిలో ఒక్కరే ఉండండి. స్నేహితుల్ని పిలవొద్దు. ఫోన్ ఛార్జింగ్, ఉతికిన బట్టలు ఆరబెట్టడం, మర్నాటికి నీళ్ళు, టిఫిన్ ఎక్కడ అన్న ఆలోచన, అన్నీ ఒంటిచేత్తో చేసుకుని చూడండి. అసలు పరీక్ష రెండో రోజు పొద్దున ఆ సీటు మీద మళ్ళీ కూర్చోవడం. తొడలు ఒరుసుకుపోయినా, అరచేతులు తిమ్మిరెక్కినా సీటు ఎత్తో, హ్యాండిల్ దూరమో సరిగా లేదన్నమాట. తెనాలి మీదుగా తిరిగొచ్చి ముందు అది సరిచేయించుకోండి.

నాలుగోది కొండవీడు. గుంటూరుకు దగ్గర్లో ఇంత మంచి ఘాట్ ఉండటం మన అదృష్టం. కోట మీదకి వెళ్ళే రోడ్డును బరువుతో ఎక్కండి, గేటు దగ్గర అనుమతి అడిగి. చిన్న గేరులో, మాట్లాడగలిగేంత ఊపిరితో, గంటకు ఐదారు కిలోమీటర్ల వేగంతో. ఊపిరి అందకపోతే ఆగండి, నీళ్ళు తాగండి, మళ్ళీ ఎక్కండి. వాలులో సగం సైకిల్ ఎక్కి కదలడం కూడా ఒక విద్యే. ఎడమ కాలు నేల మీద ఉంచి, కుడి పెడల్ పైకి తెచ్చి, బ్రేకు పట్టుకుని, ఒక్క తోపుతో బ్రేకు వదలాలి. దిగేటప్పుడు బ్రేకులు అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము కాలిపోతుంది. పట్టి వదులుతూ, మధ్యలో ఆగి చల్లార్చుకుంటూ దిగాలి. కొండవీడు మీకు సులువైతే లంక కొండలు మిమ్మల్ని అలసటపెడతాయి తప్ప భయపెట్టవు.

చివరిది ఇంటి ముందు పరీక్ష. వెనక చక్రం ఊడదీసి, ట్యూబుకు ప్యాచీ వేసి, తిరిగి బిగించాలి. ముందు చక్రంతో కాదు, వెనక చక్రంతోనే. చైన్ ఒక లింకు తెంపి కలపాలి. గేరు వైరు మార్చి సరిచేయాలి. యూట్యూబ్ చూడకుండా, ఎవరినీ పిలవకుండా. ఇది చేయగలిగే రోజున విమానం టికెట్ కొనండి.

కాగితాలు, డబ్బు

ఇది టెన్షన్ పెట్టే పనే గానీ కష్టం కాదు. పాస్‌పోర్టుకు తిరిగొచ్చే నాటికి ఆరు నెలలకు పైగా గడువు ఉండాలి. కొత్తదైతే విజయవాడ సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకోండి. 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్‌కు ఇంకో 2,000. శ్రీలంకకు ఈటీఏ అనే అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఫీజు, ఉచిత ప్రవేశం నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి అక్కడి ప్రభుత్వ సైట్లో మాత్రమే చూడండి. అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ సైట్లు రెట్టింపు వసూలు చేస్తాయి. సైకిల్‌కి ప్రత్యేకంగా కార్నెట్ (బండిని సరిహద్దు దాటించే కస్టమ్స్ కాగితం) లాంటిదేమీ అక్కర్లేదు, అది మోటారు బళ్ళకే.

కార్డులో అంతర్జాతీయ వాడకం బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోండి, మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. శ్రీలంకలో 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ పనిచేస్తోంది, కానీ టీ ఎస్టేట్ల మధ్య చిన్న కొట్టులో దాన్ని నమ్ముకోవద్దు, నోట్లు ఉంచుకోండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్నే అడగండి: రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ పడితే ఆసుపత్రి ఖర్చు ఇస్తారా? జవాబు మెయిల్‌లో రాయించుకోండి. కుక్క కాటుకు ముందస్తు టీకా గురించి డాక్టర్‌ని అడగండి. శ్రీలంక మలేరియా లేని దేశమని డబ్ల్యూహెచ్‌ఓ 2016లో ప్రకటించింది, డెంగ్యూ మాత్రం ఉంది, దోమల క్రీము మరవొద్దు.

సైకిల్‌ని పెట్టెలో పెట్టడం

మొదటిసారి రెండు మూడు గంటలు పడుతుంది. ప్రయాణం ముందురోజు రాత్రి మొదలుపెట్టకండి. వారం ముందే ఒకసారి పెట్టి, తీసి, బిగించి చూడండి.

సైకిల్ షాపులో కొత్త సైకిళ్ళు వచ్చిన అట్టపెట్టె అడిగితే ఇస్తారు. దాంతోపాటు ముందు ఫోర్కు కాళ్ళ మధ్య పెట్టే ప్లాస్టిక్ ముక్క కూడా అడగండి, పారేస్తుంటారు. ఫోమ్ పైపులు, తాళ్ళు, వెడల్పు టేపు వన్‌టౌన్‌లో చవక.

ముందు సీటు గొట్టం మీద ఇప్పుడున్న ఎత్తు దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టండి, అప్పుడు అక్కడ మళ్ళీ కొలత వెతుక్కోనక్కర్లేదు. తర్వాత పెడళ్ళు. ఎడమ పెడల్ మర ఉల్టాగా ఉంటుంది. గుర్తుంచుకోవడానికి తేలిక మార్గం: పానా పై వైపుకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్ళూ వదులవుతాయి. బిగించేటప్పుడు మరకు కాస్త గ్రీజు రాయండి, లేకపోతే తిరుగు ప్రయాణంలో ఊడి రావు. ఇప్పుడు ముందు చక్రం తీసి, ఫోర్కులో ఆ ప్లాస్టిక్ ముక్క పెట్టండి. హ్యాండిల్ ఊడదీసి ఫ్రేము పై గొట్టానికి కట్టండి, వైర్లు మెలిపడకుండా. హైడ్రాలిక్ డిస్కు బ్రేకులైతే ప్యాడ్ల మధ్య మడతపెట్టిన అట్టముక్క దోపండి, ప్రయాణంలో బ్రేకు లివర్ నొక్కుకుంటే ప్యాడ్లు అతుక్కుపోతాయి. వెనక డీరైలర్‌ని హ్యాంగర్ నుంచి విప్పి, పాత గుడ్డలో చుట్టి, లోపలి వైపు కట్టేయండి. పెట్టె ఎవరైనా పడేసినా హ్యాంగర్ వంగదు.

టైర్లలో గాలి కొంత తగ్గించండి, పూర్తిగా తీయొద్దు. రిమ్ముకు దెబ్బ తగలకుండా ఆ కాస్త గాలే కాపాడుతుంది. విప్పిన బోల్టులన్నీ ఒకే జిప్ కవరులో వేసి ఫ్రేముకు కట్టండి. ఖాళీల్లో బట్టలు, లుంగీ కుక్కండి. పనిముట్లు పెట్టెలోనే ఉండాలి, క్యాబిన్‌లోకి రానివ్వరు. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే. 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 వాట్ అవర్లు, 100 లోపు కాబట్టి ఇబ్బంది లేదు. వంట గ్యాసు డబ్బాలు, టైరులో గాలి నింపే చిన్న సిలిండర్లు వద్దు. ఇంట్లోవాళ్ళు ప్రేమగా పెట్టే ఎండు కొబ్బరి చిప్పలు కూడా వద్దు, చెకిన్ సామానులో వాటిని అనుమతించరు. కారప్పొడి పర్వాలేదు.

సైకిల్, పెట్టె కలిపి దాదాపు 20 కిలోలు వస్తుంది. టికెట్ కొనే ముందే ఎయిర్‌లైన్‌కు సైకిల్ పెట్టె కొలతలు చెప్పి, కొన్నాక దానికి ముందస్తు బుకింగ్ చేసి, ఆ మెయిల్ ప్రింటు తీసుకోండి. కౌంటర్ దగ్గర వాదించడానికి మీకున్న ఒకే ఆయుధం అది. సెక్యూరిటీవాళ్ళు పెట్టె తెరవొచ్చు కాబట్టి ఒక టేపు చుట్ట చేతిలో ఉంచుకోండి.

చెన్నై దాకా

కొలంబోకి చెన్నై నుంచి విమానం గంటన్నర లోపే. అక్కడిదాకా పెట్టె ఎలా? రైల్లో అయితే బోగీలో పట్టదు, పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో ఎక్కించాలి. రైలుకు చాలా ముందే స్టేషన్‌లో ఉండాలి. వందే భారత్‌లో లగేజీ వ్యాన్ ఉండదు, దాన్ని వదిలేయండి. ప్రైవేటు బస్సు అయితే డిక్కీలో పడుతుంది. ముందురోజే వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి మాట్లాడి, టికెట్ వెనక రాయించుకోండి. బెంజ్ సర్కిల్‌లో బస్సు ఆగిన రెండు నిమిషాల్లో క్లీనర్‌తో బేరం కుదరదు.

చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్‌వాళ్ళ దగ్గర సైకిల్‌కి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఫ్రేము నంబరు, బిల్లు చూపించాలి. తిరిగొచ్చేటప్పుడు ఇది అక్కడ కొన్నదని ఎవరైనా అంటే ఆ కాగితమే జవాబు. ఇందుకోసం అదనంగా ఒక గంట చేతిలో ఉంచుకోండి.

మొదటి రెండు రోజులు

విమానాశ్రయం కొలంబోలో లేదు, దానికి ఉత్తరాన కటునాయకలో ఉంది. అక్కణ్ణుంచి నెగొంబో అనే తీరపు ఊరు పది కిలోమీటర్లే. కొలంబో వైపు చూడనే చూడొద్దు. లోపలే సిమ్ కార్డు, కొంత డబ్బు తీసుకుని, వ్యాన్‌లో నెగొంబో గెస్ట్‌హౌస్‌కి వెళ్ళండి. గది బుక్ చేసేటప్పుడే రెండు అడగండి: సైకిల్ బిగించుకోవడానికి వరండా ఉందా, ఖాళీ పెట్టె రెండు వారాలు దాచిపెడతారా? చివరి రెండు రాత్రులు కూడా అక్కడే ఉంటానంటే సంతోషంగా ఒప్పుకుంటారు.

మర్నాడు ఎక్కడికీ పోవద్దు. సామాను లేకుండా 20 కిలోమీటర్లు, హామిల్టన్ కాలువ పక్కన తిరిగి రండి. బ్రేకులు, గేర్లు, బోల్టులు చూసుకోండి, ట్రాఫిక్ తీరు గమనించండి. ఎక్స్‌ప్రెస్‌వేల మీద సైకిళ్ళకు అనుమతి లేదు. మిగతా రోడ్లు బాగుంటాయి, పక్కన మార్జిన్ మాత్రం తక్కువ. పోటీపడే ప్రైవేటు బస్సులే అక్కడ అసలు ప్రమాదం. ఎదురుగా వచ్చే బస్సు ఇంకో బస్సును దాటుతుంటే హక్కుల గురించి ఆలోచించకుండా రోడ్డు దిగిపోండి. హ్యాండిల్ కుడి కొసకు అద్దం బిగించుకోవడం ఇక్కడ తప్పనిసరి.

దారి

నెగొంబో నుంచి కురునేగల, అక్కణ్ణుంచి దంబుల్ల. ఇదంతా కొబ్బరితోటలు, వరిచేలు, చిన్న చిన్న ఎత్తుపల్లాలు. దంబుల్లలో ఒక రోజు ఆగి, సైకిల్ మీదే సిగిరియ కోట చూసి రండి. ఈ ప్రాంతంలో, తర్వాత తిస్సమహారామ వైపు, రోడ్డు మీదకి ఏనుగులు వస్తాయి. పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం నాలుగు తర్వాత అడవి రోడ్డులో ఉండొద్దు. ఏనుగు కనిపిస్తే ఫోటో మాట మరచి, వెనక్కి తిరిగి, ఏదైనా బండి వచ్చేదాకా ఆగి ఆ బండి పక్కనే దాటండి.

దంబుల్ల నుంచి మాతలే మీదుగా క్యాండీ 70 కిలోమీటర్ల చిల్లర. 1815 దాకా క్యాండీని ఏలిన చివరి రాజవంశం తెలుగు మూలాలున్న నాయక్కర్లదే. ఊళ్ళో తిరుగుతుంటే ఆ సంగతి గుర్తొచ్చి మనకి కాస్త మీసం తిప్పాలనిపిస్తుంది.

క్యాండీ నుంచి నువర ఎలియ 80 కిలోమీటర్ల లోపే, కానీ 500 మీటర్ల ఎత్తు నుంచి 1,868 మీటర్లకు. ఒక్క రోజులో పూర్తిచేయాలని చూడొద్దు. మొదటి రోజు గంపొల దాటి పుస్సెల్లావ, రంబోడ ప్రాంతంలో ఆగిపోండి. రెండో రోజు మిగిలింది తక్కువ దూరమే గాని మలుపు మీద మలుపు. టీ తోటల మధ్య పాము మెలికలా రోడ్డు పైకి పోతుంటుంది. మీరు గంట కింద నీళ్ళు తాగిన కొట్టు ఇంకా కిందనే కనిపిస్తూ ఉంటుంది. కిలోమీటరు రాళ్ళు చూడకండి, గంటకు ఐదు కిలోమీటర్లే అనుకోండి. ప్రతి నలభై నిమిషాలకు ఆగి తీయగా ఏదో ఒకటి నోట్లో వేసుకోండి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. లబుకెల్లి టీ ఎస్టేట్ దగ్గర ఒక టీ తాగితే ఇక కొంచెమే. మధ్యాహ్నం కొండల్లో వాన పడే అలవాటుంది, ఒంటిగంటకల్లా పైన ఉండేట్టు తెల్లవారే బయల్దేరండి.

పైన ఒక రోజు విశ్రాంతి. తర్వాత సీతమ్మవారి గుడి ఉన్న సీతా ఎలియ, వెలిమడ, బండారవేల మీదుగా ఎల్ల. దిగుడే కదా అనుకోవద్దు, బండారవేల ముందు మళ్ళీ ఎక్కుడుంది. ఎల్ల నుంచి వెల్లవాయకు మాత్రం దాదాపు అంతా వాలే, దారిలో రావణ జలపాతం రోడ్డు పక్కనే పడుతుంటుంది. అక్కడినుంచి తిస్సమహారామ, తంగల్ల, మాతర, గాలే. తిస్సమహారామకు తనమల్విల మీదుగా వెళ్ళండి. బుత్తల నుంచి కతరగామకు వెళ్ళే రోడ్డు మ్యాపులో ఆశపెడుతుంది, కాని ఏనుగులు బళ్ళను ఆపి మేత వసూలు చేసే రోడ్డు అది, సైకిల్ మీద వద్దు. గాలే నుంచి కొలంబో దాకా తీరం రోడ్డు అందమైనదే, ట్రాఫిక్ మాత్రం భరించలేనిది. గాలే కోటలో టూర్ ముగించి నెగొంబోకు వ్యాన్ మాట్లాడుకోండి. పరువు తక్కువేమీ కాదు.

మైదానంలో రోజుకు 60–70 కిలోమీటర్లు, కొండల్లో 35–40. మూడు నాలుగు రోజులకొకసారి ఖాళీ. రెండు వారాలకు ఈ దారి హాయిగా సరిపోతుంది.

తిండి

రోడ్డు పక్క హోటల్లో అన్నం, మూడు నాలుగు కూరలు, పప్పు, కొబ్బరి పచ్చడి. ఇడియాప్పం, అప్పం పొద్దున్నే దొరుకుతాయి. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి: కొబ్బరి పచ్చడిలోనూ, కొన్ని కూరగాయల కూరల్లోనూ ఎండు చేప పొడి వేస్తారు. అడిగి తినండి. నారింజ రంగు కొబ్బరిబోండాలు ఎక్కడ పడితే అక్కడ అమ్ముతారు, రోజుకు రెండు తాగినా తక్కువే. చెమట ఎక్కువ పట్టే రోజుల్లో ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసిన కొలత నీళ్ళలోనే కలపండి.

ఒక్కరే ఉన్నప్పుడు

ఇంట్లో ఒప్పందం చేసుకుని వెళ్ళండి. పొద్దున బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్, గదికి చేరాక ఒకటి. రాత్రి తొమ్మిదిదాకా రెండోది రాకపోతే ఫలానా గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేయాలి, అంతవరకు కంగారు పడకూడదు. "అమ్మా, పగలు ఫోన్ ఎత్తకపోతే తొక్కుతున్నానని అర్థం" అని ముందే చెప్పాలి. లేకపోతే ఘాట్ మధ్యలో పది మిస్‌డ్ కాల్స్ ఉంటాయి. పాస్‌పోర్టు, ఇన్సూరెన్స్ కాపీలు ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంచండి. సోషల్ మీడియాలో ఈ రాత్రి ఎక్కడ ఉన్నారో పెట్టొద్దు, ఆ ఊరు దాటాకే పెట్టండి.

నాలుగింటికల్లా గది. ఈ నియమాన్ని ఎవరి కోసమూ సడలించొద్దు, ముఖ్యంగా ఆడవాళ్ళు. కుటుంబాలు నడిపే గెస్ట్‌హౌస్‌లు ఎంచుకుంటే రాత్రి భోజనం కూడా వాళ్ళతోనే అవుతుంది, మాట్లాడటానికి మనుషులు దొరుకుతారు. మూడో రోజో నాలుగో రోజో ఏ కారణమూ లేకుండా "నేనిక్కడ ఏం చేస్తున్నాను" అనిపిస్తుంది. దాదాపు అందరికీ అనిపించేదే. ఆ రోజు దూరం సగానికి తగ్గించి, కడుపునిండా తిని, పెందరాళే పడుకోండి. టికెట్ మార్చుకునే నిర్ణయం ఏదైనా పొద్దున టిఫిన్ తర్వాతే.

అంబులెన్సుకు 1990. మన ప్రభుత్వ సాయంతో 2016లో మొదలైన సేవ అది, మన 108 నడిపిన సంస్థే మొదట్లో దాన్నీ నడిపింది. పోలీసుకు 119. కొలంబోలో భారత హైకమిషన్, క్యాండీలో సహాయ హైకమిషన్, హంబన్‌తోటలో కాన్సులేట్ ఉన్నాయి. ఈ దారిలో వెళితే క్యాండీ, హంబన్‌తోట రెండూ తగులుతాయి. నంబర్లు ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా రాసుకోండి.

తిరుగు ప్రయాణం

విమానానికి రెండు రోజుల ముందే నెగొంబో చేరండి. దాచిన పెట్టె తడిసిపోయి ఉంటే ఇంకోటి వెతుక్కునే వ్యవధి ఉంటుంది. సైకిల్‌ని ముందు కడిగి, ఆరబెట్టి, తర్వాత విప్పండి. టైర్లకు మట్టి లేకుండా చూసుకోండి. బ్యాగుల అడుగున పనిముట్లేమైనా మిగిలి చేతి సంచిలోకి వచ్చాయేమో వెతకండి, అలెన్ కీల సెట్టు ఇలాగే సెక్యూరిటీ దగ్గర పోతుంది. ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ పాస్‌పోర్టులోనే పెట్టుకోండి, చెన్నైలో పెట్టె బెల్టు మీద నుంచి రాదు, పెద్ద సామాను వచ్చే తలుపు దగ్గర విడిగా అడగాలి. పెట్టెను అక్కడే తెరిచి ఫ్రేముకు దెబ్బలేమైనా తగిలాయేమో చూడండి. తగిలితే విమానాశ్రయం దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, విజయవాడ వచ్చాక ఇస్తే డబ్బు రాబట్టుకోవడం కష్టం.